మూరెడు దగ్గరైన గీత

నా చిన్నప్పటి కోపాలు చాలావరకు నన్ను వదిలిపోయాయి. కొట్టిన పంతులు మీద, పలక పగలగొట్టిన తమ్ముడి మీద ఉన్నవి ఎప్పుడు పోయాయో కూడా తెలియదు. ఒక్కటి మాత్రం యాభై దాటినా అలాగే ఉంది. అది మా పక్కింటి అక్క విషయంలో వచ్చింది. పోయిన ఎండాకాలం ఆమె చనిపోయింది. కోపం చనిపోలేదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. అక్క వాళ్ల నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. అక్క జనగామలో డిగ్రీ చదువుతూ కాలేజీ ఆడపిల్లల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడేది. పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం వచ్చేది. వచ్చాక పుస్తకాలు లోపల పడేసి ఇంటి వెనక్కి పోయేది. అక్కడ గోడకు ఒక చిన్న సైకిలు రిమ్మును, చువ్వలు పీకేసి, దిగ్గొట్టుకుంది. కళ్లు కనిపించినంతసేపు దానిలోకి బంతి వేసేది.

మూడు పాయింట్ల గీత అప్పటికి మా వైపు కొత్త. బుట్టకు ఆరుంబావు మీటర్ల దూరంలో వంపుగా గీస్తారు. దాని అవతలి నుంచి వేసిన బంతి పడితే రెండుకు బదులు మూడు పాయింట్లు. మిగతా అమ్మాయిలు బుట్ట కిందికి ఉరికి వేసేవాళ్లు. అక్క గీత అవతల ఆగి, రెండు కాళ్ల మీద ఎగిరి వేసేది. కాలేజీల పోటీల్లో ఒక ఏడాదిలో ఏ అమ్మాయీ వేయనన్ని మూడు పాయింట్ల బుట్టలు ఆమె వేయబోతోందని ఆ ఏడు తెలిసింది. పాత రికార్డు హనుమకొండ అమ్మాయిది. అది దాటితే యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారని వాళ్ల ఆటల సారు చెప్పాడు. వాళ్ల నాయిన మాత్రం తన మాట తాను చెప్పాడు. "ఈ ఒక్క ఏడు సూస్త బిడ్డా. జట్టుల తీస్కుంటె ఆడు. లేకుంటె బంద్ జెయ్యి." ఆయన కఠినుడు కాడు. అంతకంటే ఎక్కువ ఇవ్వడం ఆయనకు తెలియదు.

ప్యాంటు వేసుకుని ఆడే ఆడపిల్లను చూసి మొదట మా వీధి మగవాళ్లు నవ్వారు. పేపర్లో ఆమె ఫొటో పడ్డాక అదే మనుషులు "మా పిల్ల" అన్నారు. వాళ్లకు పెద్ద మా చిన్నాయిన. పది పన్నెండు మంది ప్రతి ఆటకూ పోయేవాళ్లు. మానుకోటలో ఆట ఉంటే కాజీపేటలో రైలు మారేవాళ్లు, భూపాలపల్లిలో ఉంటే బస్సు టాపు మీద కూర్చునేవాళ్లు. చిన్నాయిన నన్ను కూడా తీసుకుపోయేవాడు. నా మీద ప్రేమ అనుకునేదాన్ని. వెంట ఒక చిన్నపిల్ల ఉంటే ఆడపిల్లల ఆట దగ్గర వాళ్లను పోకిరీలని ఎవరూ వెళ్లగొట్టరని పెద్దయ్యాక అర్థమైంది.

భూపాలపల్లి ఆటలో ఒకసారి అక్క గీత దగ్గర ఖాళీగా దొరికి కూడా తను వేయలేదు. బుట్ట కింద ఉన్న అమ్మాయికి బంతి అందించింది. ఆ బుట్టతోనే గెలిచారు. ఆట అయ్యాక చిన్నాయిన ఆమెకు అడ్డం పోయి నిలబడ్డాడు.

"ఏందే, మేం గింత దూరం వచ్చింది నువ్వు పక్కపిల్లకు బాలు ఇచ్చుడు సూడనీకేనా?"

"గెలిచినం గదన్నా."

"గెలుసుడు ఎవనిక్కావాలె? మాకు మూడు గావాలె, మూడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"గట్లయితె మీరే ఎయ్యుండ్రి అన్నా. నేను కూసోని సప్పట్లు గొడ్త," అని అక్క బస్సెక్కింది.

"పిల్లకు మస్తు టెక్కు వచ్చింది," అన్నాడు వెనక నుంచి ఒకడు. ఆమె ఎవరి కోసం ఆడుతోందో ఆ రోజే వాళ్లు తేల్చేసుకున్నారు.

చివరి ఆట జనగామలో, అక్క వాళ్ల కాలేజీ మైదానంలోనే జరిగింది. జట్టును ఎంపిక చేసేవాళ్లు ఇద్దరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. రికార్డు దాటడానికి ఐదు బుట్టలు కావాలి. సగం ఆటకు రెండు పడ్డాయి.

అది మట్టి కోర్టు. సున్నంతో పోసిన గీతలు సగం ఆటకే కాళ్ల కింద చెదిరిపోయేవి. విరామంలో మళ్లీ పోసేవాళ్లు. బుట్ట కింద ఒకరు తాడు కొసను నేలకు అదిమి పట్టుకోవాలి. తాడుకు ఆరుంబావు మీటర్ల దగ్గర ఒక ముడి ఉంటుంది. ఇంకొకరు ఆ ముడిని పట్టుకుని, తాడు బిగబట్టి నడుస్తూ సున్నం పోయాలి. అలా వంపు గీత వస్తుంది. ఆ రోజు కాలేజీ అటెండరు చాయ్‌కి పోతుంటే చిన్నాయిన "మేం పోస్తం తియ్యి" అని సున్నం గిన్నె అందుకున్నాడు. తాడు కొస పట్టుకోమని నన్ను పిలిచాడు.

రెండో సగంలో అక్క ఏ బుట్టకు వేస్తుందో ముందు అక్కడికి పోయాడు. ముడి విప్పి, మూరెడు లోపలికి జరిపి కట్టాడు. మిగిలిన పాత గీత మీద కాలితో మట్టి నెట్టాడు. నేను చూశాను. చూసినట్టు ఆయనకూ తెలిసింది.

"అక్కకు సాయం జేస్తున్నం. నోరు మెదిపినవో, సూడు."

నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. రెండు చేతులతో తాడును నేలకు నొక్కి పట్టుకున్నాను. అటువైపు గీత పోసేముందు ఆయన ముడిని మళ్లీ పాత చోటే కట్టాడు.

ఆట మళ్లీ మొదలయ్యాక అక్క ఆ గీత దగ్గరికి వచ్చి ఆగింది. కిందికి చూసింది. బుట్టను చూసింది. తర్వాత మా వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడి నుంచి ఎగిరి వేసింది. పడింది. ఆ తర్వాత కూడా ప్రతిసారీ ఆ అడుగు వెనక్కి వేసే వేసింది. రెండు తప్పాయి. ఇంకొకటి పడింది. ఆట అయిపోవచ్చే సమయానికి చివరిదీ పడింది.

చిన్నాయిన వాళ్లు కోర్టులోకి ఉరికారు. ఆట ఇంకా ముగియలేదు. అయినా ఆమె చుట్టూ గంతులేశారు, చెప్పులతో నేలను కుమ్మారు. "జరుగుండ్రి! బయటికి పోండ్రి!" అని అక్క చేతులు అడ్డం పెట్టి అరిచింది. ఆమె కూడా సంతోషంతో అరుస్తోందనుకున్నాం.

వాళ్లను బయటికి పంపాక ఎదుటి జట్టు మేడం రెఫరీని పిలిచింది. రెండు వైపుల గీతలు ఒక్కలా లేవని చెప్పింది. టేపు తెచ్చి కొలిచారు. ఇటువైపు మూరెడు తక్కువ వచ్చింది.

"సార్, నేను పాత గీత కాడికెల్లే ఏసిన," అంది అక్క. "ఎగిరిన కాడ బూట్ల అచ్చులుంటయి. సూడుండ్రి."

నిజమే. మట్టి కోర్టులో ఎగిరిన చోట బూటు ముందుభాగం లోతుగా దిగుతుంది. రెఫరీ మంచివాడు, వచ్చి వంగి చూశాడు. అక్కడ పన్నెండు మంది చెప్పుల అచ్చులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అక్క మోకాళ్ల మీద కూర్చుంది. అంతమంది చూస్తుండగా తన అడుగు కోసం నేలంతా వెతికింది. దొరకలేదు.

"గీత ఎవరు పోశారు?" అని రెఫరీ అడిగాడు. అటెండరు మా చిన్నాయిన వైపు చూశాడు. ఏడాదంతా గొంతులు చించుకున్న మనుషుల్లో ఒక్కడికీ మాట రాలేదు. చివరికి చిన్నాయినే, "మాకేం ఎరుక సార్, సూడనీకి వచ్చినోళ్లం," అన్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చేతిని సాకుగా చెప్పను. అది లేకపోయినా నేను మాట్లాడి ఉండేదాన్ని కాదు.

ఆ మూడు బుట్టలకూ రెండేసి పాయింట్లే ఇచ్చారు. జట్టు ఓడింది. రికార్డు హనుమకొండ అమ్మాయి పేరు మీదే ఉండిపోయింది. తర్వాత వచ్చిన జాబితాలో అక్క పేరు లేదు. వాళ్ల నాయిన అన్న మాట ప్రకారం ఆట ఆగిపోయింది. తిరుగు రైల్లో చిన్నాయిన "రెఫరీ వాళ్ల దిక్కే ఉండె" అన్నాడు. ఘన్‌పూర్ వచ్చేసరికి తక్కినవాళ్లంతా అదే చెప్పుకుంటున్నారు. ముడి జరిపిన మనిషి తన అబద్ధాన్ని తానే నమ్మడానికి గంటన్నర కూడా పట్టలేదు.

మర్నాడు నేను అక్క దగ్గరికి పోయి, తాడు పట్టుకున్నది నేనేనని చెప్పి ఏడ్చాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు.

"ఏడ్వకు. నిన్ను ఊకోవెట్టే ఓపిక నాకిప్పుడు లేదు," అంది. మళ్లీ తనే అడిగింది. "నాకు మూరెడు ఎక్కువైతదని మీకెవలు చెప్పిన్రు చెల్లె?"



"యాడాది సంది ఎంబడి తిరిగిన్రు. ఎన్నిసార్లు ఏసిన్నో మీ కండ్లతోని సూసిన్రు. మరెందుకు నమ్మలే?" అంది. "గీత సూడంగనే నాకు ఎరుకైంది. అప్పుడే ఆట ఆపి చెప్పాల్సింది. మీ చిన్నాయినను పదిమందిల నిలవెట్టుడెందుకని ఊకున్న. అది నా తప్పు, నేను మోస్త. మీది మీరు మొయ్యుండ్రి," అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పక్కపక్కనే బతికాం. ఆమె అంగన్‌వాడీలో పనిచేసింది. నా పెళ్లిలో వంట దగ్గర నిలబడింది. నా పిల్లలను ఎత్తుకుంది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు, క్షమించానని కూడా అనలేదు. ఆమె పోయిన పదకొండో రోజున, అప్పటి గుంపులో మిగిలిన ఒక పెద్దాయన అందరి ముందు ఆమెను మెచ్చుకున్నాడు. "ఆ రెఫరీ అన్యాయం జెయ్యకుంటె మన పిల్ల ఏడికో పోతుండె," అన్నాడు. చుట్టూ తలలు ఊగాయి.

"రెఫరీ కాదు పెద్దబాపు, మనమే," అన్నాను. ముడి సంగతి, తాడు సంగతి అంతా చెప్పాను. మా చిన్నాయిన అప్పటికే లేడు. ఆయన పేరు కూడా చెప్పాను.

"పోయినోళ్ల దినం నాడు గీ ముచ్చట ఎందుకు బిడ్డా? మేం ప్రేమతోని జేసినం."

అది నాకు తెలుసు. నా కోపమంతా దాని మీదే.

నాకు ఇద్దరు కూతుళ్లు. చిన్నది ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయినప్పుడు, నేను తెలిసినవాళ్లతో ఒక్క మాట చెప్పిస్తే పని అయ్యేది. నేను చెప్పించలేదు. ఉద్యోగం రాలేదు. "నువ్వు తల్లివేనా?" అని అడిగింది. రెండేళ్లు కష్టపడి అదే ఉద్యోగం తెచ్చుకుంది. తెచ్చుకున్న రోజు నాకు ఫోన్ చేయలేదు. నాలుగో రోజు చేసింది. నా మీద కోపం ఇంకా పోలేదని గొంతులోనే తెలిసింది. ఉండనీ. ఆ ఉద్యోగానికి తను తగినదేనా అనే అనుమానం మాత్రం ఆ గొంతులో లేదు.