వంటింటి గుమ్మానికి తుఫాను నంబరు

నా చిన్నప్పుడు మా వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు ఉండేది. దానికి కేలండరు గానీ చేతిసంచి గానీ ఎవరూ తగిలించకూడదు. ఆ మేకు కథ చెప్పాలంటే ముందు నా పచ్చకామెర్ల సంగతి చెప్పాలి.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖపట్నం రేవులో క్రేను నడిపేవారు. వరసగా కట్టిన క్వార్టర్సులో మాదొకటి. నాకు పదో ఏడు నడుస్తుండగా కామెర్లు వచ్చాయి. నెలల తరబడి మంచం, ఉప్పూ నూనె లేని పథ్యం. తేరుకునేసరికి ఆ ఏడాది చదువు పోయింది. మళ్ళీ అయిదో తరగతిలోనే కూర్చోవలసి వచ్చింది. అదే తరగతికి, నాకన్నా ఏడాది చిన్నవాడైన మా తమ్ముడూ వచ్చాడు. పైగా వాడు లెక్కల్లో పిడుగు. ఈసారి కూడా తప్పితే వాడు ఆరుకి వెళ్ళిపోతాడు, నేను ఇక్కడే ఉండిపోతాను. ఆ ఊహ నన్ను వదిలేది కాదు.

అమ్మ నాన్న షిఫ్టు కోసం చేగోడీలు వండి రేకు డబ్బాలో పోసి ఉంచేది. పథ్యం ముగిశాక రెండు మూడు తింటే ఫర్వాలేదు గానీ ఎడాపెడా తినవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పథ్యం ఉన్నన్నాళ్ళూ నేను వాటి జోలికి పోలేదు. బడి మొదలయ్యాక మాత్రం, లెక్కల పుస్తకం తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి తనంతట తానే డబ్బాలోకి వెళ్ళేది. రుచి కూడా తెలిసేది కాదు. కరకరమని చప్పుడవుతుంటే భయం వినపడేది కాదు, అంతే.

ఒక సాయంత్రం పక్కింటి మావయ్య మా నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చారు. ఆయన అచ్చంగా ఈ ఊరివాడు. రేవులో సిగ్నలు స్తంభం దగ్గర ఉద్యోగం. సముద్రంలో తుఫాను పుట్టిందని కబురు రాగానే ఆ స్తంభానికి ప్రమాద సూచికలు ఎగరేసేది ఆయనే. వచ్చేసరికి నేను డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అడుగు కనిపిస్తోంది.

"ఏటమ్మా, ఆకలేత్తందా?" అన్నారు.

లేదని తల ఊపాను. మరేటన్నారు. తెలీదన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన తిట్టలేదు. నిచ్చెన గోడకి ఆనించి, పక్కన చతికిలబడి, తనూ ఒక చేగోడీ తీసుకున్నారు. "తుపాను డూటీలో నానూ ఇంతేనమ్మా. మీ అత్త కట్టిన డబ్బా మొత్తం కాళీ సేసేసీవోడిని. అది ఆకలి కాదు, బయం. బయానికి పళ్ళుండవు, మన పళ్ళు అరువు తీసుకుంటాది."

మర్నాడు ఆయన సుత్తి, మేకు, ఒక పాత కేలండరు అట్టలోంచి కత్తిరించిన పదకొండు ముక్కలు తెచ్చారు. రేవు సూచికల్లాగే ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి, చిల్లులు పొడిచి, దారాలు కట్టారు. డబ్బా మూత తీసేముందు నా కడుపులో ఎన్నో నంబరు తుఫాను ఉందో చూసుకుని ఆ ముక్క మేకుకి తగిలించాలి. మూడు దాకా అయితే రెండు చేగోడీలు తినవచ్చు. మూడు దాటితే మాత్రం మూత తియ్యకూడదు.

"ఎందుకంటావేటి? పెద్ద నంబరు ఎగిరితే ఓడలోకి సరుకు ఎక్కించరు. గట్టునుంటే కొట్టుకుని పగిలిపోద్దని ఓడని సముద్రంలోకి పంపేత్తారు. నువ్వూ అంతే. బయటికెళ్ళి తిరిగిరా. వొచ్చేక మళ్ళీ నంబరు సూసుకో."

పదకొండు సంగతి అడిగాను. వాతావరణం ఆఫీసు నుంచి కబురు అందడం లేదని దాని అర్థమట. మాట్లాడాలని లేనప్పుడు అది తగిలించుకోమన్నారు.

మొదటి వారం నేను దొంగాట ఆడాను. లోపల అయిదు ఉన్నా ఒకటి తగిలించి తినేదాన్ని. తమ్ముడు కనిపెట్టి, గోడ మీంచి అరిచి మరీ చెప్పాడు. మావయ్య నవ్వి, "తప్పు నంబరు ఎగరేత్తే మునిగేది ఓడేగానీ, స్తంభం కాదు తల్లీ" అని ఊరుకున్నారు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఆ తరువాత అబద్ధపు నంబరు వెయ్యలేదు. చాలాసార్లు ముక్క చేతిలో పట్టుకుని మూడా, నాలుగా అని ఆలోచిస్తుండగానే సగం గాలి తగ్గిపోయేది. మిగతా సగం క్వార్టర్సు చుట్టూ మూడు చుట్లు తిరిగితే పోయేది.

తరువాత హాఫ్ ఇయర్లీ మార్కులు ఇచ్చిన రోజు వచ్చింది. లెక్కల్లో నాకు వందకి ఇరవై రెండు. తమ్ముడికి ఎనభై పైమాటే. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, మార్కుల సంగతి అమ్మకి చెప్పకుండా, పదో నంబరు తగిలించి డబ్బా ముందు కూర్చున్నాను. మూత మీద చెయ్యి వేశాను. తియ్యలేదు. తియ్యకుండా ఎంతసేపు ఉండగలనో మాత్రం నాకే తెలియదు.

తమ్ముడు మేకు వంక చూసి పరుగెత్తాడు. మరుక్షణం మావయ్య గుమ్మంలో ఉన్నారు. "పదో నంబరు పడింది సెల్లెమ్మా. రేవు కాళీ సెయ్యాల. పదండి, అందరూ సముద్రంలోకే."

"ఇప్పుడెక్కడికండీ అన్నయ్యగారూ, పొయ్యి మీద పప్పుంది" అంది అమ్మ.

"దించీ. పప్పు ఈదలేదు."

అమ్మ నవ్వుతూనే దించింది. ఆమె అలా పట్టపగలు పని వదిలి బయటికి రావడం నేను అంతకుముందు చూడలేదు. అత్తయ్య కూడా వచ్చింది. సిటీ బస్సెక్కి బీచికి వెళ్ళాం. అమ్మ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అలలకి ఎదురు వెళ్ళి, తడిసి, చిన్నపిల్లలా వెనక్కి పరుగెత్తింది. ఆ నవ్వులో నా మార్కులు నా నోటంట వాటంతట అవే వచ్చేశాయి. అమ్మ కొంగు పిండుకుంటూ, "ఇంతేనా, నేనింకా ఏమయిందో అనుకున్నాను" అంది.

"అక్కా, నీకు భాగహారం ఎక్కడ పోతోందో నాకు తెలుసు" అన్నాడు తమ్ముడు. తడి ఇసుకలో పుల్లతో లెక్క వేశాడు. నేను చేశాను. తప్పు చేస్తే అల వచ్చి చెరిపేసేది. ఒప్పు చేసినా చెరిపేసేదే. ఎన్ని లెక్కలు చేశామో లెక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి కరకరలాడే ఆకలి. అసలు ఆకలి అంటే ఇదీ అని అప్పుడు తెలిసింది. పప్పన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. చేగోడీల డబ్బా గుర్తే రాలేదు. నేను మరిచిపోతే తమ్ముడే పది తీసి ఒకటి తగిలించాడు.

సంవత్సరాంతపు పరీక్షలో గట్టెక్కాను. ఇద్దరం కలిసే ఆరుకి వెళ్ళాం. ఈలోగా ఆ మేకు ఇంటిల్లిపాదిదీ అయిపోయింది. నాన్న షిఫ్టు దిగి రాగానే చెప్పులు విడవకముందే దానివంక చూసేవారు. పదకొండు కనిపిస్తే అమ్మకి కోపం వచ్చిందని తెలుసుకుని, మాట్లాడకుండా వెళ్ళి బిందెలు నింపేవారు.

ఆ ఏడే ఒక పాత నోటుపుస్తకంలో రోజూ నంబరు రాసుకోవడం మొదలుపెట్టాను. తరువాత నంబరు పక్కన ఒక మాట, ఆపైన ఒక పేజీ వచ్చాయి. నా డైరీలన్నీ అలా పుట్టినవే. ఉద్యోగంలో చేరినా, పదవీ విరమణ చేసినా, ప్రతి పేజీ నెత్తిన తేదీ పక్కన ఆ అంకె ఉంటుంది. మొన్న నా కళ్ళ ఆపరేషను ముందు రోజు చేగోడీల డబ్బా మూత మీద చెయ్యి వేసి, తియ్యకుండా వెనక్కి వచ్చి డైరీ తెరిచాను. ఆరు అని రాశాను. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, దాన్ని కొట్టేసి రెండు అని రాశాను.

అప్పుడు రెండు చేగోడీలు తిన్నాను. రుచి తెలిసింది.