అమ్మ బొటనవేలు

మా అమ్మకు ఇతర దేవుళ్ళ మీద కోపమేమీ ఉండేది కాదు. ఎదురింటివాళ్ళను ఎలా చూసేదో వాళ్ళ దేవుళ్ళనూ అలాగే చూసేది. ఎదురుపడితే మర్యాద, లేకపోతే ఎవరి దారి వాళ్ళది. వాళ్ళ ఫోటోలు తెచ్చి మన భోజనాల బల్ల మీద పరచడం ఎందుకన్నదే ఆవిడ అభ్యంతరం. ఆ పరిచేదాన్ని నేను.

అప్పట్లో మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నకు వర్క్‌షాపులో ఉద్యోగం. అమ్మ మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్, చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, ఇంట్లో రెండూను. గుంటూరు వైపు నుంచి పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ మాటలో అక్కడి కారం తగ్గలేదు. నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటూ, ఆదివారాలు కెమెరా మెళ్ళో వేసుకుని ఊళ్ళు తిరిగేదాన్ని.

"ఆదివారం పూట ఫోటోలేంటే?" అని మొదట్లో అమ్మ ససేమిరా అంది. మా ఫోటో క్లబ్బు మొదటి ప్రయాణం మెదక్ చర్చికని తెలిశాక కాస్త మెత్తబడింది. "పొద్దున్నే ఆరాధనకొచ్చి, అటునుంచి వెళ్ళు" అని షరతు పెట్టింది. ఆ షరతు నేను ఒక్క వారం కూడా తప్పలేదు. మెదక్ చూశాక క్లబ్బువాళ్ళకు చర్చిలు అయిపోయాయి. జాతరలు మాత్రం అయ్యేవి కావు. ఏ వారం చూసినా ఏదో ఒక ఊళ్ళో పోచమ్మో, మైసమ్మో, మల్లన్నో పిలుస్తూనే ఉండేవాళ్ళు. అమ్మ వాటిని జాతరలు అనేది కాదు. "మళ్ళీ ఆ తిరునాళ్ళకేనా?" అనేది.

క్లబ్బుకు పెద్ద, రాంగోపాల్‌పేటలో స్టూడియో ఉన్న ఒకాయన. పెళ్ళిళ్ళలో నవ్వమని చెప్పీ చెప్పీ తను నవ్వడం మర్చిపోయిన మనిషి. వ్యాను ఆయనదే. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర కూరగాయల లారీల మధ్య అది ఇరుక్కుపోగానే మాలో ఉత్సాహవంతులు దిగి, క్యాబేజీ బస్తాల మీద సగం రీలు కాల్చేసేవారు. తీరా ఊరు చేరాక ఒక ఎద్దు, దాని చుట్టూ ఎనిమిది కెమెరాలు. ఎవరి ఫోటో కడిగి చూసినా అందులో ఎద్దు కొమ్ము కొంచెం, పక్కవాడి మోచెయ్యి చాలా. ఒక ఊళ్ళో ఒక తాత అరుగు మీద చుట్ట ముట్టించుకుంటుంటే అందరం ఎగబడ్డాం. ఆయన అగ్గిపుల్ల ఆర్పేసి, చుట్ట తీసి, లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి, చేతులు తొడలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"తాతా, ఇందాకటి లెక్క చుట్ట తాగుతుండు" అని మా స్టూడియో ఆయన బతిమాలాడు.

"ఫోటోల చుట్ట తాగుతరా? సిగ్గుండాలె గద" అన్నాడు తాత.

ఇలా తీసిన రీళ్ళు వారం మధ్యలో ప్రింటయి వచ్చేవి. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి పరిచేదాన్ని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటి ముఖంతో ఒక్కొక్కటే చేతిలోకి తీసుకునేది. ముందు ఫోటోలో దేవుడెక్కడున్నాడో వెతికేది. కనబడగానే ఎడమచేతి బొటనవేలు అక్కడ పెట్టేసేది. ఆ తర్వాత తక్కినదంతా తీరిగ్గా చూసేది. "ఈ పిల్ల జడ ఎంత బాగా వేశారే! ఈ డప్పు కొట్టేవాడికి చొక్కా లేదేంటే, జలుబు చెయ్యదూ?" అంటూ. అమ్మవారు వేలి కింద, ఊరంతా వేలి బయట. మొత్తం చూశాక ప్రింటు తిరగేసి బల్ల మీద పెట్టి, అప్పుడు వేలు తీసేది.

నాకు ఒళ్ళు మండేది. ఎండలో జనాల మధ్య నలిగి, ఎవరివో మోకాళ్ళు పొడుచుకుంటుంటే తీసిన ఫోటో. అందులో అసలైనదాన్ని వేలితో కప్పి డప్పువాడి జలుబు గురించి మాట్లాడితే ఎలా? నాన్నతో మొర పెట్టుకున్నాను. "ఆ దేవతకే పట్టలేదు, నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

క్లబ్బు ఏటా ఒక ప్రదర్శన పెట్టేది. అందరి ఫోటోల్లోంచీ మంచివి కొన్ని ఎంచి, పెద్దవి చేసి గోడకు తగిలించేవారు. వరసగా మూడేళ్ళు నాది ఒక్కటీ తగల్లేదు. మూడో ఏడు ఉండబట్టలేక స్టూడియో ఆయన్ని అడిగేశాను. ఆయన నా ప్రింట్లన్నీ పేకముక్కల్లా పరిచి చాలాసేపు చూశాడు.

"బిడ్డా, ఒకటడుగుత, తక్లీఫ్ అనుకోకు. నీ ఫోటోలల్ల దేవుడెప్పుడూ ఎడమదిక్కు కింద మూలకే ఉంటడేంది? ఏందీ, మూల కూసోబెట్టినవా ఆయన్ని?"

అప్పుడుగానీ నాకు వెలగలేదు. అమ్మ బొటనవేలు హాయిగా చేరేది ఆ మూలకే. మధ్యలో ఉంటే వేలు వెయ్యడం కష్టమై, చుట్టుపక్కల మనుషులు కూడా పోతారు. అందుకని నాకు తెలియకుండానే, ఊరూరా తిరిగి దేవుళ్ళను ఆవిడ వేలికి అందేచోట పెట్టి తీస్తున్నాను. ఇంట్లో మనిషికి చూపించడానికి తీస్తే గోడకు పనికిరాదు, గోడకు తీస్తే ఇంట్లో మనిషి చూడదు. నాకు రెండూ కావాలి. గోడ మీద ఫోటో ఎంత కావాలో, అమ్మ ఒక్కసారి వేలు తీసి "బాగుందే" అనడం అంతకంటే ఎక్కువ కావాలి.

ఆ ఏడాదే అమ్మ మాతో ఒక జాతరకు వచ్చింది. నేను కడుపునొప్పితో ఒక సోమవారం కాలేజీ ఎగ్గొట్టానని, అది జాతరలో తిన్నదాని ప్రభావమేనని ఆవిడకు గట్టి నమ్మకం. "ఎవరు ఏం పెడితే అది తినేస్తున్నావు. ఈసారి నేనొచ్చి చూస్తాను" అని నాలుగు గిన్నెల క్యారేజీ కట్టింది. చపాతీలు, కోడికూర, గోంగూర, పెరుగన్నం. ఆరాధన అయిన వెంటనే, తెల్లచీరతో, చేతిసంచితో వ్యానెక్కింది. క్యారేజీ మూత ఒకసారి తీసి చూశాక క్లబ్బువాళ్ళకు ఆవిడ మీద అపారమైన భక్తి కలిగింది.

మెదక్ వైపు ఒక చిన్న ఊళ్ళో ఎల్లమ్మ జాతర. ఒక బట్టలకొట్టు అరుగు మీద అమ్మను, క్యారేజీని, మా సంచులను కూర్చోబెట్టి మేము జనంలోకి వెళ్ళిపోయాం. ఆ తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే.

ఒకావిడ నెత్తిన బోనంతో వచ్చింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. చంకన ఉండాల్సిన పిల్లాడు చంకన లేడు. ఆవిడ చుట్టూ చూసింది. ఆ బజారు మొత్తం మీద నమ్మదగ్గ ముఖం అమ్మదే అయినట్టుంది.

"అమ్మా, జెర గిది పట్టుకో. నా కొడుకు ఆగమైండు. కింద పెట్టకు తల్లీ, మొక్కు ఖరాబైతది. ఇప్పుడే వస్త!"

ఆలోచించే వ్యవధి లేదు. కుండ అమ్మ చేతుల్లో ఉంది, ఆవిడ జనంలో ఉంది. తన చేతికి ఇచ్చినదాన్ని అమ్మ జన్మలో ఎక్కడా వదిలిపెట్టలేదు. పిల్లల ఫీజులు, చర్చి కానుకలు, ఎదురింటివాళ్ళ తాళంచెవి, ఏదైనా సరే. కింద పెట్టొద్దన్నారు, కింద పెట్టదు. అంతే. అరుగు మీద నిలబడి, బరువైన ఆ కుండను రెండు చేతులతో పట్టుకుని, పిల్లాడి కోసం మెడ చాచి చూస్తోంది. ఇంతలో డప్పులు, వెనక అమ్మవారి బండి, దాని ముందు ఊరంతా. అరుగు ముందు తొక్కిసలాట అయింది. ఎవరో "రామ్మా, రా" అని చెయ్యి పట్టి దింపారు. దిగాక ఆగడానికి చోటు లేదు, నడవాల్సిందే. చేతులు లాగేస్తున్నాయి. పక్కన నడిచే ముసలమ్మ చూసి జాలిపడింది.

"గట్లెంతసేపు మోస్తవమ్మా? నెత్తిమీద పెట్టుకో. చేతులకు నొయ్యది."

మాట సబబుగానే ఉంది. అమ్మ పెట్టుకుంది.

నేను ఒక మిద్దె మెట్ల మీద నిలబడి బండి కోసం చూస్తున్నాను. ఎడ్లు వచ్చాయి, పైన పూలలో మునిగిన అమ్మవారు, జనం చల్లిన పసుపు ఎండలో పొగలా లేచింది. కన్ను కెమెరాకు పెట్టాను. కుడివైపు ముందు వరసలో ఒకావిడ, తెల్లచీరంతా పసుపు, నెత్తిన బోనం, బుగ్గ మీద ఎవరో పులిమిన పసుపు. పక్క ముసలమ్మ ఏదో అంటే పగలబడి నవ్వుతోంది. భలే ఉందే ఈవిడ, అనుకుని నొక్కేశాను. నొక్కాక కెమెరా దించి చూస్తే మా అమ్మ.

కుండ ఇచ్చినావిడకు భద్రంగా అందింది. పిల్లాడు మిఠాయి కొట్టు దగ్గర దొరికాడట. ఆవిడ అమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే అమ్మ కంగారుపడి, "ముందు ఆ పిల్లాడి చెయ్యి వదలకు" అని క్లాసు పీకింది. వ్యానులో తిరిగి వస్తూ చీర దులుపుకుంటూ, "ఇంత పసుపు మీద సబ్బు పనిచేస్తుందంటావా?" అని ఒక్కటే అడిగింది. ఎవరమూ నవ్వలేదు. క్యారేజీ తిన్న విశ్వాసం.

ప్రింటు వచ్చింది. నా ఇన్నేళ్ళ ఫోటోల్లో మొదటిసారి అమ్మవారు మధ్యలో ఉంది. భోజనాల బల్ల మీద ఆ ఒక్కటే పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుంది. బొటనవేలు లేచింది, అమ్మవారి దాకా వెళ్ళింది, అక్కడ ఆగలేదు. దాటుకుని కుడివైపుకు పోయి తన ముఖం మీదే పడింది. తక్కినదంతా, అమ్మవారితో సహా, చాలాసేపు చూసింది.

"బాగుందే" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సందట్లోనే, ఇది ప్రదర్శనకు ఇవ్వనా అని అడిగాను. పెద్దది చేస్తారని కూడా చెప్పాను.

"ఎంత పెద్దది చేసినా నేను మూలనే కదా ఉంటాను. ఇచ్చుకో" అంది అమ్మ.

స్టూడియో ఆయన ప్రింటు చూసి, ఏళ్ళ తర్వాత నవ్వాడు. దాన్ని తలుపు రెక్కంత చేయించాడు. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద అదే. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నవ్వు, పసుపు బుగ్గ, నెత్తిన బోనం అన్నీ వీధిలోకి కనబడుతున్నాయి. నేనేదో చెప్పబోయేలోపు వెనక నుంచి పలకరింపు. మా చర్చి అయ్యగారు, ఆయన వెనక స్త్రీల సమాజం మొత్తం. ఆ ఆదివారం ప్రకటనల్లో "మా అమ్మాయి ఫోటో పెట్టారు, అందరూ వచ్చి చూడండి" అని చెప్పించింది అమ్మే.

అమ్మ ముందూ వెనకా చూడలేదు. హాలు దాటి గబగబా వెళ్ళి ఫోటో కుడివైపుకు వీపు ఆనించి నిలబడిపోయింది. బొటనవేలు చాలదు గనక మనిషే అడ్డం నిలబడింది. అయ్యగారు దగ్గరికొచ్చి తల అటూ ఇటూ వంచారు.

"టీచరుగారూ, కొంచెం పక్కకు జరిగితే మొత్తం చూస్తాం."

"ఇటేమీ లేదండి. అసలంతా అటే ఉంది, అది చూడండి" అని అమ్మ చెయ్యి చాచి చూపించింది. చూపించింది ఎల్లమ్మనే. "ఆ పూలు చూడండి, ఎంత స్పష్టంగా వచ్చాయో. ఆ వెలుగు చూడండి."

అయ్యగారు చూశారు. స్త్రీల సమాజమూ చూసింది. కానీ ఎవరి చూపూ అటు నిలవడం లేదు, అమ్మ తల మీదికే వస్తోంది. అమ్మ పొట్టి మనిషి. ఫోటోలో తనను నిండా కప్పేసింది గానీ, పైన కుండ మిగిలిపోయింది. తెల్లచీర, చంకన బైబిలు సంచి, ముఖంలో హెడ్‌మిస్ట్రెస్, నెత్తిమీద వేపమండలతో దీపంతో బోనం. ఇంకో జానెడు పొడుగుంటే బతికిపోయేది.

"అమ్మా, గట్లనే ఉండు! కదలకు!" అని స్టూడియో ఆయన అరిచి, నా చేతిలో కెమెరా పెట్టాడు. నేను తీసేశాను. ఫ్లాష్ వెలుగుకు అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, పైకి చూసింది. విషయం అర్థమైంది.

"ఒకావిడ పట్టుకోమని ఇచ్చిందండీ" అంది అమ్మ, అయ్యగారి వైపు తిరిగి. గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైంది. "పిల్లాడు తప్పిపోయాడట. కింద పెట్టొద్దంది. ఏం చెయ్యమంటారు?"

అయ్యగారు ఫోటోను తీరిగ్గా చూశారు. "కింద పెట్టకూడదు టీచరుగారూ" అన్నారు. "పిల్లాడు దొరికాడా?"

"దొరికాడండి."

"ఇంకేం మరి" అని ఆయన నవ్వారు. ఆ తర్వాత స్త్రీల సమాజం నవ్విన నవ్వుకు పక్క హాలువాళ్ళు వచ్చి చూశారు. అమ్మ పక్కకు జరిగింది.

అయినా నాకు బెరుకు పోలేదు. హాల్లో తీసిన ఫోటో ప్రింటయి వచ్చిన రోజున దాన్ని దాచేద్దామా అనుకుంటూనే బల్ల మీద పెట్టాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. నేను బొటనవేలి కోసం చూస్తున్నాను. ఆవిడ ఆ ఫోటోను, ఆవేళ కుండ పట్టుకున్నట్టు, రెండు చేతులతో పట్టుకుంది. బొటనవేళ్ళు రెండూ అంచుల మీదే ఉన్నాయి.