చివరిచుక్క మావగారు

అడుగున చుక్క మిగిలి ఉండగా దేన్నీ పారేయలేకపోవడం ఆయన జబ్బు. ఆ జబ్బుకి డాక్టర్లెవరూ పేరు పెట్టలేదు గానీ, కాలనీ వాళ్ళు ఆయనకే పెట్టేశారు. చివరిచుక్క అంటే చాలు, వాచ్‌మన్ మూడో అంతస్తు వైపు వేలు చూపించేవాడు.

ఆ ఇల్లు అల్లుడిది. అల్లుడు ఏదైనా అయిపోయిందని పారేస్తే, మావగారు దాన్ని చెత్తబుట్టలోంచి తీసి మరో వారం వాడేవారు. టూత్‌పేస్టు ట్యూబుని తలుపు సందులో పెట్టి నొక్కేవారు, ఆ తర్వాత కత్తెరతో చీల్చేవారు. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ కలిపి ఆయన చేసిన సబ్బు ఏ రంగో ఎవరూ చెప్పలేకపోయారు. అన్నిటికన్నా ఘోరం బ్యాటరీలు. రిమోట్లో పని చేయని బ్యాటరీలని ఆయన గోడ గడియారంలో వేసేవారు. గడియారం తిరిగేది, కాకపోతే దాని ఓపిక కొద్దీ తిరిగేది. ఆ గడియారాన్ని నమ్ముకుని అల్లుడు ఆఫీసు మీటింగుల్లోకి అందరూ సెలవు తీసుకునే వేళకు ప్రవేశించేవాడు.

సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యారాయన. ఒక్క సీటు ఖాళీగా ఉన్నా రైట్ చెప్పడానికి నోరు వచ్చేది కాదట. రోడ్డు పక్కన ఊరికే నిలబడ్డవాడికి కూడా ఎక్కడికో వెళ్ళాల్సిన పని గుర్తు చేసి ఎక్కించుకునేవారని డిపోలో చెప్పుకునేవారు. కూతుర్ని చూసి రెండు రోజుల్లో వెళ్ళిపోదామని చేతిసంచీతో వచ్చారు. మర్నాడు లాక్‌డౌన్ పెట్టారు. రెండు రోజులు కాస్తా ఏడాది దాటాయి.

ఆ రోజుల్లో గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా ఉండేది. అది అయిపోవచ్చాక ఆయన దాన్ని తలకిందులుగా గోడకి కట్టారు. లోపలికి రావాలనుకున్నవాళ్ళు దాని కింద చెయ్యి చాపి, చుక్క రాలేదాకా నిలబడాలి. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను చెయ్యి చాపి, కాసేపు చూసి, సిలిండర్ మెట్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు.

ఇంటికొకరు మాత్రమే, పూటకొకసారి మాత్రమే బయటికి రావాలని పోలీసులు చెప్పినప్పుడు ఆయనకి నిద్ర పట్టలేదు. ఒక ఇంటి సరుకుల కోసం ఒక మనిషి అంత దూరం వెళ్ళి రావడమంటే ఒక్క ప్రయాణికుడితో బస్సు నడపడమే కదా. అందుకని మెట్లు దిగుతూ ప్రతి తలుపూ కొట్టి, అందరి సంచులూ పట్టుకుపోయేవారు. తిరిగొచ్చేసరికి కింది ఇంటి పిల్లాడి పాల డబ్బా పైయింటి బ్రహ్మచారికీ, బ్రహ్మచారి షేవింగ్ క్రీము ఎదురింటి ముసలమ్మకీ చేరేవి. ఆ వంకతో మూసుకున్న తలుపులన్నీ తెరుచుకుని, మాస్కుల వెనకనుంచి కాసేపు పోట్లాడుకునేవారు. ఏళ్ళుగా ఎదురెదురుగా ఉంటూ పలకరించుకోనివాళ్ళకి అలా మాటలు కలిశాయి.

ఇక అల్లుడి సంగతి. అతను బీమా కంపెనీలో పని చేసేవాడు. ఎవరికి ఏ ప్రమాదం ఎంతవరకు రావచ్చో లెక్క కట్టి చెప్పడం అతని ఉద్యోగం. కరోనాకి అతను భయపడలేదు. సూదికి భయపడేవాడు. మామూలు భయం కాదు. కాలేజీలో రక్తపరీక్షకి వెళ్ళి, తన వంతు రాకముందే, ముందున్నవాడికి గుచ్చడం చూసి పడిపోయిన చరిత్ర అతనిది. టీకాలు మొదలయ్యాక టీవీలో ఏ వార్త పెట్టినా ముందు ఒక భుజం, వెంటనే ఒక సూది. అందుకని అతను వార్తలు గోడవైపు తిరిగి వినేవాడు. ఆ వార్తలు చదివే ఆవిడంటే మొగుడికి ఎందుకంత కోపమోనని భార్య చాలాకాలం అనుకుంది.

ఎదురు వీధి స్కూల్లో టీకా కేంద్రం తెరిచారు. మావగారు మొదటి వారంలోనే వేయించుకున్నారు. ఆ పైన ఇంటికి రాలేదనే చెప్పాలి. టీకా మందు ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా ఉంటుందనీ, మూత తీశాక కొన్ని గంటల్లో వాడకపోతే మిగిలింది పారబోస్తారనీ నర్సమ్మ నోటివెంట వినడమే తడవు, ఆయన ఉద్యోగంలో చేరిపోయారు. జీతం లేదు, ఎవరూ రమ్మనలేదు. స్కూలు గేటు దగ్గర చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవారు. సాయంత్రమయ్యేసరికి వీధిలోకి దిగి ఒక్కొక్కరినీ పట్టుకొచ్చేవారు. భుజాన టేపు వేలాడుతున్న టైలరు, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలి వచ్చిన మంగలి, దారి అడగడానికి ఆగిన స్కూటరతను, అందరూ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళే.

అల్లుడు మాత్రం వెళ్ళలేదు. కాదు, రెండుసార్లు వెళ్ళాడు. వరసలో నిలబడ్డాడు, ముందు నలుగురుండగా వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి భార్యతో స్టాకు అయిపోయిందని చెప్పాడు. మావగారు రోజంతా ఆ గేటు దగ్గరే ఉన్నారన్న సంగతి అబద్ధం నోరు దాటాక గుర్తొచ్చింది. ఆయన అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా, "అవునమ్మా, ఇవాళ తక్కువొచ్చింది" అన్నారు. మావగారికి వయసు మీద పడి మతిమరుపు వస్తోందని అల్లుడు జాలిపడ్డాడు.

జాలి ఎక్కువ రోజులు నిలవలేదు. భార్యకి నెలలు నిండుతున్నాయి. టీకా వేయించుకుని రెండు వారాలు దాటినవాళ్ళనే ప్రసవమప్పుడు వార్డులోకి రానిస్తామని ఆసుపత్రి వాళ్ళు చెప్పేశారు. అల్లుడు డాక్టరిచ్చిన తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకున్నాడు. అతను లెక్కల్లో దిట్ట. ఆ రోజే వేయించుకుంటే లోపల ఉంటాడు, మర్నాడైతే బయట బల్ల మీద. ఆ మధ్యాహ్నమంతా అతను టీకా గురించి ఆలోచించి, చివరికి బల్ల మరీ అంత అసౌకర్యంగా ఉండకపోవచ్చన్న నిర్ణయానికి వచ్చాడు.

"ఇవాళ కూడా స్టాకు లేదంటారా?" అని అడిగింది భార్య.

"కనుక్కోవాలి."

"నేనొక్కదాన్నే వెళ్తాలెండి లోపలికి" అంది ఆమె. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పుడే మావగారు ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చారు. కాళ్ళకి చెప్పుల్లేవు.

"అల్లుడుగారూ, ఒక్కటి మిగిలిపోయిందండీ. పావుగంటలో పారబోస్తారట. వీధంతా గాలించాను, పిట్ట లేదు."

"నాకు ఆఫీసు పని..."

"మీకోసం కాదండీ. మీరు తీరిగ్గా ఎప్పుడైనా వేయించుకోవచ్చు. మందు ఊరికే పోతోందని నా బాధ. నామీద దయుంచి ఒక్కసారి రండి."

అదేం మహిమో, అల్లుడు లేచాడు. తనకోసమైతే కాళ్ళు వణికేవి. ఇది ముసలాయన కోసం, దేశం కోసం, పారబోయనున్న మందు కోసం. వీధి దాటుతుంటే తన నడక కాస్త ఠీవిగా ఉందని అతనికే అనిపించింది. ఒకటో తరగతి గదిలో, గుణింతాల చార్టు కింద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మావగారు పక్కన నిలబడి తన పాత రూట్లో స్టాపులన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టారు. మార్కెట్ స్టాపు దగ్గరికి వచ్చేసరికి నర్సమ్మ అయిపోయిందంది.

కళ్ళు తెరిచాడు. పడిపోలేదు. ఆ గర్వంలో చుట్టూ చూస్తే, బల్ల మీద మందు సీసా కనిపించింది. దాదాపు నిండుగా ఉంది.

"ఇది చివరిదన్నారు?"

"మొదటిదండీ. మీకోసమే మూత తీశాను" అంది నర్సమ్మ. "పదిమంది చేరందే తియ్యకూడదు. మిగతావాళ్ళని నేను పట్టుకొస్తాను, పూచీ నాది అని మీ మావగారు మాటిస్తేనే తీశాను."

అల్లుడు తిరిగి చూసేసరికి మావగారు చార్టులోని గుణింతాలు శ్రద్ధగా చదువుకుంటున్నారు. మరుక్షణం చెప్పులు లేని కాళ్ళతోనే గేటు వైపు వెళ్ళిపోయారు.

"ఆయనకి తెలుసా? అదే... నాకు సూదంటే..."

"మొన్న వరసలోంచి వెళ్ళిపోయారుగా, అప్పుడే చెప్పారు. ఎవరూ ఏమీ అనొద్దన్నారు" అంది నర్సమ్మ దూది నొక్కుతూ. "మందు మిగిలితే ఆయన ఓర్చుకోలేరు, నిజమే. కానీ ఆయన తెచ్చేవాళ్ళలో సగం మంది భయంతో తప్పించుకు తిరిగేవాళ్ళే. భయమా అని అడిగితే ఎవరొస్తారు? పారేస్తున్నారంటే మాత్రం పరిగెత్తుకొస్తారు. ఆయనా అలా వచ్చినవారే."

"మావగారా?"

"మూడుసార్లు గేటు దాకా వచ్చి పారిపోయారు. నాలుగోసారి నేనే కేకేశాను, పెద్దాయనా, ఒక్కటి మిగిలిందని."

అరగంట కూర్చుని వెళ్ళమంది ఆమె. అల్లుడు కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడినుంచి వీధి కనిపిస్తోంది. మావగారు ఒక చేత్తో పూలకొట్టావిణ్ణీ, ఇంకో చేత్తో ఆమెతో బేరమాడుతున్నావిడనీ పిలుస్తూ, ఒక్కటే ఉంది ఒక్కటే ఉందని ఇద్దరికీ చెబుతున్నారు.

ఇంతలో కిటికీ అవతల ఒక భారీ మనిషి వచ్చి ఆగాడు. గోడ మీద అంటించిన నోటీసుని చదువుతున్నట్టు నిలబడ్డాడు. అది నిరుటి ఫీజుల నోటీసు. అతని మెడ వెనక పట్టింది ఎలాంటి చెమటో అల్లుడు ఎక్కడున్నా గుర్తుపట్టగలడు.

"మాస్టారూ" అన్నాడు కిటికీ ఊచల్లోంచి. "మీకేమైనా పనుందా? ఒక్కటి మిగిలిపోయిందండీ ఇక్కడ. ఇంకాసేపట్లో పారబోసేస్తారట."

నర్సమ్మ సీసా వంక చూసింది, అల్లుడి వంక చూసింది, తలవంచుకుని సిరంజి కవరు చింపింది.

"పారబోయడమేంటండీ, అన్యాయం కాదూ" అన్నాడు భారీ మనిషి. నోటీసు వదిలేసి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, ఎవరికో పెద్ద సాయం చేయబోతున్నవాడిలా గేటు వైపు నడిచాడు.