డెమో క్లాసులో ఇంటర్‌ఫెరాన్

ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చిన కొత్తల్లో మనిషికి ఒక ధీమా ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని ప్రమోషన్లు వచ్చినా అది మళ్ళీ రాదు. ఆ రోజుల్లో నాకు ధీమాకి లోటు లేదు, ఉద్యోగమే లేదు. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు జువాలజీ లెక్చరర్ పోస్టుకి డెమో క్లాసు చెప్పమని పిలిచారు. నన్ను చూసి నాన్న తిట్టడం మానేసి నిట్టూర్చడం మొదలుపెట్టారు కాబట్టి, ఆ పోస్టు రాకపోతే ఇంట్లో తలెత్తుకోలేను. ముందురోజు నాగాయలంకలో రొయ్యల చెరువులున్న మావయ్య ఇంట్లో దిగాను (చదువుకోవడానికని చెప్పాను గానీ, అసలు సంగతి అత్తయ్య చేసే రొయ్యల వేపుడు). మావయ్య పంట పోయిన మంట మీదున్నాడు. "పై చెరువాయన రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ పడిందిరా. ఒక్క మాట చెప్తే మేం మోటార్లు కట్టేసుకునేవాళ్ళం. నోరు మూసుకుని ఆ నీళ్ళు కాలవలోకి వదిలేశాడు. మేమంతా అవే తోడుకున్నాం!" అన్నాడు. అయ్యో పాపం అనాల్సింది పోయి, ఆహా, నా పాఠానికి ఎంత చక్కటి ఉదాహరణ అనుకున్నాను.

మర్నాడు క్లాసులో ఆఖరి బెంచీ మీద ప్రిన్సిపాల్ గారూ, కాలేజీ యజమాని అయిన కరస్పాండెంటు గారూ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఇంటర్‌ఫియర్ అంటే అడ్డుతగలడం. వైరస్ పెరగకుండా అడ్డుతగులుతుంది కనకనే ఈ ప్రోటీన్‌కి ఇంటర్‌ఫెరాన్ అని పేరు. వైరస్ సోకిన కణం దీన్ని బయటికి వదిలి, పక్క కణాల్ని జాగ్రత్తపడమని హెచ్చరిస్తుంది" అన్నాను. అక్కడితో ఆపితే ఉద్యోగం నాదే. "కణానికున్న ఆ పాటి బుద్ధి కొందరు మనుషులకి ఉండదు" అంటూ మావయ్య చెరువు కథంతా చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ప్రిన్సిపాల్ గారు తలెత్తి ఫ్యాను వైపు చూడసాగారు.

"ఆ చెరువు ఎక్కడ బాబూ?" అన్నారు కరస్పాండెంటు గారు.

"నాగాయలంక దగ్గరండి. మా మావయ్య చెరువుకి సరిగ్గా పైనేనండి" అన్నాను ఉత్సాహంగా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "హెచ్చరించిన కణం బతుకుతుందా?" అని అడిగారు.

"చాలాసార్లు చచ్చిపోతుందండి."

"మరి దానికేంటి లాభం?"

"దానికేం లేదండి. పక్కవాళ్ళు బతుకుతారు."

"సరే, కబురు చేస్తాం" అన్నారు.

ఆ సాయంత్రం ఫోన్లో ఆయన పేరు చెప్పగానే మావయ్య, "ఓరి నీ తెలివి తెల్లారా! ఆ పై చెరువు ఆయనదేరా!" అని అరిచాడు. కబురు రాలేదు. గుండె గదుల గురించి ఏ ఉదాహరణా లేకుండా చెప్పినాయనకి పోస్టు ఇచ్చారని విన్నాను. నాన్న నిట్టూర్పులు ఇంకా పొడుగయ్యాయి.

మరుసటి పంటకి మావయ్యే ఫోన్ చేశాడు. "ఒరేయ్, పై చెరువుకి మళ్ళీ మచ్చ పడింది. ఆయనే బండేసుకొచ్చి, మోటార్లు కట్టేసుకోండని గట్టు గట్టుకీ చెప్పి వెళ్ళాడు. మా పంట దక్కిందిరా! ఇంతకీ నీకెక్కడన్నా ఉద్యోగం దొరికిందా?"

దొరకలేదన్నాను. ఎందుకో ఆ రోజు అంత బాధనిపించలేదు.

ఇప్పుడు మచిలీపట్నంలో ఒక కాలేజీకి నేనే ప్రిన్సిపాల్‌ని, డెమో క్లాసులు వినే ఆఖరి బెంచీ నాదే. కుర్రాళ్ళెవరైనా "ఉదాహరణకి..." అని మొదలుపెడితే చాలు, నేను తలెత్తి ఫ్యాను వైపు చూడటం మొదలుపెడతాను.