హరా అనుకుని హర్రాకు

హిందీలో హరా అంటే పచ్చ. అరబ్బీలో హర్రా అంటే అగ్నిపర్వతం కక్కిన నల్లరాళ్ళ బీడు. తేడా ఒక్క ఒత్తు. పదమూడేళ్ళు సౌదీలో ఉండి కూడా ఆ ఒత్తు నా చెవికి అందలేదు.

అప్పుడు యాన్బులో ఉండేవాళ్ళం, నేనూ నా బామ్మర్దీ. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరం రిఫైనరీల్లో స్కఫోల్డింగ్, అంటే పరంజాలు, కట్టేవాళ్ళం. నితాకత్ అనే చట్టం వచ్చి, ఎంతమంది సౌదీ వాళ్ళకు పని ఇచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేశాక మాది ఎరుపులో పడింది. ఎరుపు కంపెనీ వాళ్ళకు ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. పచ్చ కంపెనీ ఏదైనా మమ్మల్ని తీసుకుంటే బతికిపోతాం. లేదంటే, గడువు దాటిన మరునాటి నుంచి దొంగల్లా తిరగాలి. దొరికితే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. మా గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది.

గురువారం నాడు, తెలిసిన పాకిస్తానీ నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "కంపెనీ హర్రా మే హై. దో ఆద్మీ చాహియే. కల్ ఆజావ్."

కంపెనీ పచ్చలో ఉందట, ఇద్దరు కావాలట, రేపే రమ్మంటున్నాడు! ఎగిరి గంతేశాను.

బామ్మర్ది నసిగాడు. "బావా, రేపు మన క్యాంపుకే పచ్చ కంపెనీ ఆయన ఎవరో వస్తడంటున్నరు గదా. ఆగుదమా?"

"నెల సంది ఇదే ముచ్చట. ఎవడన్న వచ్చిండా? నడువ్," అని కసిరాను. అతను నా మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు.

తెల్లవారి ట్యాంకర్ ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని బయలుదేరాం. బస్సు ఖర్చు తప్పింది. తిండికి నాలుగు ఖుబ్జు రొట్టెలు, ఒక పెరుగు డబ్బా. రెండు గంటలు పోయాక తారు రోడ్డు అయిపోయింది. ఎటు చూసినా మాడిన రాళ్ళే. వాటి మధ్య ఒక డేరా, ఒక బోరు మిషను. భూమి లోపల వేడి ఎంతుందో చూడటానికి బోర్లు వేస్తున్నారట.

కంపెనీ రంగు పచ్చేనా అని అడిగాను. డ్రైవర్ నన్ను వింతగా చూశాడు. "కంపెనీ తో లాల్ హై భాయ్. మై బోలా హర్రా. యే హర్రా హై," అని కాలితో నేలను తట్టి చూపించాడు.

ఇదీ ఎరుపే. పాపం, నాలుగు రోజుల కూలి దొరుకుతుందని పిలిచాడు. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

నీళ్ళు దించి, సాయంత్రం అసర్ నమాజు అయ్యాకే వెనక్కి పోతానన్నాడతను. "రా బావా, ఎట్లయినా వచ్చినం, సూసి పోదాం," అని బామ్మర్దే లేచాడు.

దగ్గరలో ఉన్న గుట్ట ఎక్కాం. పైకి చేరితే లోపలంతా గుండం. ఆ గుండంలో ఊరంత ఊరు పడుతుంది. అవతల బూడిద రంగు కొండ ఒకటి, ఎండకు తెల్లగా మెరుస్తోంది. కిందికి దిగేచోట ఒక నెర్రెలోంచి వెచ్చటి గాలి వస్తోంది. బామ్మర్ది అరచేతులు పెట్టి, "అన్నం ఉడికేటప్పుడు మూత తీసినట్టే ఉన్నది బావా," అని నవ్వాడు. నన్ను నిలబెట్టి ఫోన్లో ఫొటో తీశాడు. "నేనొచ్చిన ఈ తొమ్మిదేండ్లల్ల క్యాంపు, సైటు తప్ప ఏం సూసినం? టికెట్ లేకుంట ఇంత పెద్దది సూసినం."

ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే బాగుండేది. నేను ఆ వెచ్చటి రాళ్ళ మీద కూర్చుని, క్యాంపుకు ఆ పచ్చ కంపెనీ మనిషి రాకూడదని మొక్కుకున్నాను. క్యాంపులో ఉన్న వాళ్ళందరి నోటి దగ్గరి కూడు లాక్కునే మొక్కు అది. తెలిసే మొక్కాను.

ఆయన వచ్చాడు. మేం తిరిగి చేరేసరికి గేటు దగ్గర వ్యాను ఎక్కబోతున్నాడు. జాబితా నిండిపోయిందన్నారు. ఇద్దరం పరుగెత్తి కాళ్ళావేళ్ళా పడ్డాం. ఆయన కాగితం మరోసారి చూసి ఒక వేలు ఎత్తాడు. "వాహిద్." ఒక్కడికే చోటుంది.

వెంటబెట్టుకుపోయింది నేను. తప్పు విన్నది నేను. అయినా నా ఇకామా కార్డు అప్పటికే ఆయన చేతిలో ఉంది. జేబులోంచి ఎప్పుడు తీశానో నాకే తెలియదు. వెనక్కి తిరిగి చూడటానికి మొహం చెల్లలేదు.

"పో బావా, నువ్వే పో," అన్న మాట మాత్రం వినబడింది. ఆ మాట సరిగ్గానే విన్నాను.

నాలుగు నెలలకు బామ్మర్ది రోడ్డు మీద దొరికిపోయాడు. వేలిముద్రలు తీసుకుని పంపేశారు. ఇంటికి పోయి కొండల ఫొటోలు అందరికీ చూపించాడట. గేటు దగ్గర జరిగింది మాత్రం అక్కకు చెప్పలేదు.

ఆమె ఇప్పటికీ అడుగుతుంది. "నువ్వు ఆడ ఉండి గూడ నా తమ్మునికి ఒక్క చోటు ఇప్పియ్యలేకపోతివా?"

"ఒక్కటి గూడ లేకుండె," అంటాను.