రోళ్లపాడు గడ్డిలో వినబడిన గొంతు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. నంద్యాలలో రేడియోలు, మిక్సీలు రిపేరు చేసే షాపు నాది. ఏ శబ్దానికైనా ఎక్కడో ఒక వైరు కారణమని నా నమ్మకం.

నాకూ, ఆళ్లగడ్డలో టీచరుగా చేసే నా స్నేహితుడు దేవదానానికీ హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, దూరపు ఊళ్లలో మాలాంటివాళ్లతో రేడియోలో మాట్లాడతాం. అప్పుడప్పుడు అభయారణ్యాలకు పోయి, అక్కణ్ణుంచే అక్కడి పక్షుల గురించి అందరికీ చెప్తాం. పోయినేడు అనుమతి తీసుకుని నందికొట్కూరు దగ్గర రోళ్లపాడుకు పోయినాం.

పొద్దున పదకొండయింది. మైసూరు మిత్రుడొకాయనకు బట్టమేక పిట్ట గురించి చెప్తున్నా. గాలికి ఏరియల్ తీగ కట్టిన ఇనుప మేకు ఊడింది. దాన్ని ఇంకోచోట కొట్టడానికి దేవదానం సుత్తి తీసుకుని గడ్డిలోకి పోయినాడు.

నేను మాట ముగించి, జవాబు కోసం బటన్ వదిలినా. హెడ్‌ఫోన్లో ఒక ముసలి గొంతు, మన సీమ యాసలోనే:

"ఆడ కొట్టొద్దను అప్పా. గుడ్లుండాయి."

ఆగమని గట్టిగా అరిచినా. దేవదానం గడ్డి పక్కకు నెట్టి చూసినాడు. మేకుకు జానెడు దూరంలో తీతువు పిట్టవి, మట్టిరంగు గుడ్లు నాలుగు.

"ఎవరు మాట్లాడేది?" అని రేడియోలో అడిగినా. తనకేమీ వినబడలేదన్నాడు మైసూరాయన.

నాకు దేవదానం మీదే అనుమానమొచ్చింది. వాడి నడుముకొక చిన్న సెట్టుంది. దాని మాట నా పెద్ద సెట్టులో పడదని తెలిసి కూడా అడిగేసినా.

"నువ్వే కదరా మాట్లాడింది?"

"యాడ మాట్లాడినా? రెండు చేతులా సుత్తి ఎత్తింటి కదప్పా!"

దగ్గర్లో ఇంకెవరైనా సెట్టు పెట్టుకున్నారేమోనని చుట్టూ తిరిగినా. మోకాలెత్తు గడ్డి. బండి లేదు, తీగ లేదు. ఆ రోజు మేము తప్ప ఎవరూ లోపలికి రాలేదని కాపలాదారు చెప్పినాడు.

మైసూరాయన అన్నీ రికార్డు చేసుకుంటాడు. అడిగి తెప్పించుకున్నా. అందులో నా మాట ఉంది, తర్వాత కాసేపు ఖాళీ, ఆ తర్వాత "ఎవరు మాట్లాడేది?" అని మళ్లీ నా గొంతే.

దేవదానానికి వినిపించినా. రెండుసార్లు విన్నాడు.

"ఆ గొంతు నువ్వొక్కనివే విన్యావు," అన్నాడు. "గుడ్లుండే సంగతి నీకు ముందే తెలుసు. తెలిసి నన్ను ఆడికి ఎందుకు పోనిచ్చినావు?"

తెలీదని చెప్పినా. వాడు నమ్మలేదు. మళ్లీ నాతో రేడియోకు రాలేదు.

ఆ గొంతు ఎవరిదో నాకిప్పటికీ అర్థం కాలేదు. దేవదానాన్ని తప్పు పట్టను. వాడి చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.