గమ్మునుండి పోగొట్టుకున్న ఓడ

మొన్న పండక్కి వచ్చిన మా అల్లుడు, విశాఖ ఎంత అందమైన ఊరో, ఓడలు కట్టిన దాని వారసత్వం ఎంత గొప్పదో సెల్‌ఫోనులో బొమ్మలు చూపించి మరీ చెబుతుంటే, అల్లుడి ముందు ఆవులించకూడదు కనుక తలాడించాను.

ఆ ఊరికీ నాకూ పంతొమ్మిదివందల యాభైలలోనే చెడింది. పత్తికొండ పక్క మా మెట్టచేలో వానల్లేక వేరుశెనగ మాడిపోతే, మా నాయన నన్ను గుంతకల్లులో రైలెక్కించి ఓడలు కట్టే యార్డులో పనికి పంపాడు. కుంటలో నీళ్ళు కూడా సరిగా చూడని నన్ను సముద్రానికి తోలడం ఆయన ధైర్యం. మేస్త్రీ మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్ళీ ఆ మాడిన చేనే. ఊరు మాత్రం నాకు తొలిరోజు నుంచే గిట్టలేదు. చొక్కా తొడుక్కునేలోపే చెమటకు తడిసేది. ఉప్పుగాలికి ఇనుమే తుప్పుపట్టేచోట నా మంచితనం ఏపాటి? మెస్సులో జొన్నరొట్టె అడిగితే జ్వరమా అన్నారు. వాళ్ళ ఎండుచేపలకు నేను ముక్కు మూసుకున్నాను.

ఒకరోజు క్రేనుకు ఇనుపరేకు వేలాడుతోంది, దాన్ని పక్కకు లాగే తాడు నా చేతిలో ఉంది. మేస్త్రీ కింద నుంచి "గమ్మునోయ్, గమ్మున!" అని కేకేశాడు. మా సీమలో గమ్మునుండడమంటే నోరు మూసుకుని కదలకుండా ఉండడం. ఉన్నాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. ఊపిరి కూడా బిగబట్టాను. అక్కడ గమ్మున అంటే త్వరగా అని నాకు తెలిసేలోపే రేకు వెళ్ళి పరంజాను కూలదోసి, టీ క్యానును అప్పడం చేసింది. మనుషులకేమీ కాలేదు, టీ పోయినందుకే అందరూ ఎక్కువ బాధపడ్డారు.

"ఏటోయ్, సెవుడా నీకు?" అంటూ మేస్త్రీ మీదికొచ్చాడు.

"నువ్వే గదప్పా గమ్మునుండమంటివి!" అన్నాను, మా ఊళ్ళో పెద్దమనిషిని పిలిచినట్టే.

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆ ప్రాంతంలో అప్ప అంటే అక్కట. పరంజా కూలినందుకు ఆయన ఓర్చుకునేవాడేమో గానీ, అంత గుబురు మీసాలతో అందరి ముందూ అక్కయిపోవడం ఓర్చుకోలేకపోయాడు.

"రేపట్నించి రాకు. మీ ఊరెల్లి పిలుసుకో అప్పల్ని!"

నేను చేయివేసిన ఓడ నీళ్ళలోకి దిగిన రోజున నేను పత్తికొండలో మబ్బుకేసి చూస్తున్నాను. ఆ మేస్త్రీకి చెప్పాల్సిన జవాబులు ఏళ్ళ తరబడి నాగలి వెనకాల నడుస్తూ నూరుకున్నాను. ఇప్పుడు టీవీల పుణ్యమా అని అందరూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు, ఒకరి మాట ఒకరికి తప్పుగా అర్థమయ్యే భాగ్యం కూడా లేదు. ఆ ఓడ ఏ రేవులోనో తుక్కయి ఉంటుంది, ఆయనా పోయే ఉంటాడు. జవాబులన్నీ పదునుగా నా దగ్గరే ఉన్నాయి. ఆ మాటలు పడడానికే ఒక్కడూ మిగల్లేదు.